పాటలో ఆ ఒక్క చోటు

1976 డిసెంబరు 28న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, ఇండిగో అనే స్టూడియోలో, బజ్‌కాక్స్ అనే బృందం నాలుగు పాటలు రికార్డు చేసింది. నలుగురూ కుర్రాళ్లే. స్నేహితుల దగ్గరా ఇంట్లోవాళ్ల దగ్గరా తెచ్చుకున్న 500 పౌండ్ల అప్పే పెట్టుబడి. ఆ నాలుగింట్లో ఒక పాట పేరు ‘బోర్‌డమ్’. విసుగు గురించిన పాట. మధ్యలో గిటార్ ఒక్కటే వాయించే ఘట్టం వస్తుంది. ఆ రోజుల్లో పెద్ద పెద్ద రాక్ బృందాల గిటారిస్టులు అక్కడ తమ వేళ్లలో ఉన్న విద్యనంతా ఒలకబోసేవారు. ఈ బృందంలో గిటార్ వాయించిన పీట్ షెల్లీ మాత్రం రెండే రెండు స్వరాలు పట్టుకున్నాడు. అవే రెండూ, అదే వరసలో, 66 సార్లు వాయించాడు. విసుగెత్తిన మనిషి కాలు ఆడిస్తూ కూర్చున్నట్టు గిటార్ అక్కడే ఉండిపోతుంది. ఇప్పుడు కదులుతుంది, ఇప్పుడు మారుతుంది అని మనం ఎదురుచూస్తాం. మారదు. ఇంకా మారదు. ఆఖరికి ఒక్క స్వరం పక్కకు జరిగి ఆగిపోతుంది.

దాదాపు యాభై ఏళ్లయినా ఆ రెండు స్వరాల గురించి జనం ఇంకా చెప్పుకుంటున్నారు. పాటలో మిగతా మాటలూ వరసలూ మరిచిపోయినవాళ్లకు కూడా ఆ చోటు గుర్తుంటుంది.

ఆ రికార్డును ఏ కంపెనీ విడుదల చేయలేదు. న్యూ హార్మోన్స్ అని వాళ్లే ఒక లేబుల్ పేరు పెట్టుకుని, 1977 జనవరి ఆఖర్లో ‘స్పైరల్ స్క్రాచ్’ పేరుతో వెయ్యి కాపీలు వేయించారు. అవి అయిపోతే మళ్లీ వేయించారు. మొత్తం 16 వేల దాకా అమ్ముడుపోయాయి. ఆ రికార్డు అట్ట మీద ఉన్న ఒక వివరం నాకెంతో ఇష్టం. ఏ పాట ఎన్నో టేకులో కుదిరింది, ఆ తర్వాత దాని మీద ఇంకేమైనా కలిపారా లేదా అన్నది కూడా అచ్చు వేశారు. పాట ఎలా తయారైందో దాచుకోలేదు. అది చూసిన ఇతర ఊళ్ల కుర్రాళ్లకు, ఇంతేనా, అయితే మనమూ చేయవచ్చు అనిపించింది. చేశారు కూడా. పెద్ద కంపెనీల అండ లేకుండా ఇండిపెండెంట్‌గా వచ్చే ఇలాంటి పాటలకు ఇండీ అన్న పేరు స్థిరపడింది. 1980 జనవరి నుంచి బ్రిటన్‌లో వీటి అమ్మకాలకు విడిగా ఒక చార్టే మొదలైంది.

ఇండీ పాటలకు ఒకటే రకం తాళమూ వరసా ఉండవు. గిటార్ మోత ఉంటుంది, వీణంత మెత్తని గొంతూ ఉంటుంది. వీటన్నిటినీ ఒక గూటికి చేర్చేది నిర్ణయాధికారం. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది పాట చేసినవాళ్ల చేతిలోనే ఉంటుంది. రెండు స్వరాలు 66 సార్లు వాయించిన ముక్కను ఒక పెద్ద కంపెనీ నిర్మాత వింటే, బాబూ సరిగ్గా వాయించు అని ఉండే అవకాశమే ఎక్కువ. అడిగేవాడు లేడు కాబట్టి ఆ ముక్క బతికింది. ఇండీ సంగీతంలో మనసుకు అంటుకునే చోట్లు ఎక్కువగా ఎందుకుంటాయో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

మనకు పాటంటే సినిమా పాటే అన్నంత అలవాటైంది. సినిమా పాట ఒంటరిగా రాదు. హీరో వస్తాడు, కథ వస్తుంది, లిరికల్ వీడియో వస్తుంది, ప్రీ రిలీజ్ ఫంక్షన్ వస్తుంది, ఊరేగింపులో డీజే వస్తాడు. వద్దనుకున్నా నెల తిరిగేసరికి పాట నోటికొస్తుంది. ఆ బలగం లేని పాటలు మనకు లేవని కాదు. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల గొంతునిచ్చిన ‘పుష్పవిలాపం’ ఏ సినిమాలోనూ పుట్టలేదు. పాలగుమ్మి విశ్వనాథం రాసి, వరస కట్టి, వేదవతీ ప్రభాకర్ పాడిన ‘అమ్మదొంగా’ రేడియోలో పుట్టి ఇళ్లలోకి వచ్చింది. గుర్తుండిపోవడానికి పాటకు తెరమీద బొమ్మ అక్కర్లేదని వాటిని విని పెరిగినవాళ్లకు తెలుసు. తేడా ఏమిటంటే, అలాంటి పాట తనంతట తాను మన మీద వచ్చి పడదు. మనమే వెతుక్కోవాలి. దొరికాక కాస్త ఓపిక పట్టాలి. ఆ ఓపిక ఎందుకు కావాలో తెలియాలంటే, పాటలో ఒక చోట ఒళ్లు గగుర్పొడిచేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో సంగీతశాస్త్రం బోధించిన లియొనార్డ్ మేయర్ 1956లో ఒక పుస్తకం రాశారు. అందులో ఆయన చెప్పినదాని సారం ఇది: పాట వింటున్నంతసేపూ మన మనసు తర్వాత ఏం వస్తుందో ఊహిస్తూనే ఉంటుంది. ఆ ఊహ నెరవేరడం ఆలస్యమైనప్పుడు, లేదా పక్కదారి పట్టినప్పుడు ఉద్వేగం పుడుతుంది. కచేరీలకు వెళ్లేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు లెక్కలు అల్లుకుంటూ, తాళాన్ని ఎక్కడెక్కడికో తీసుకెళ్లి, మూడుసార్లు తిప్పిన ముక్తాయింపుతో సరిగ్గా ఎత్తుగడ మీద వచ్చి దిగుతాడు. సభలో తలలన్నీ ఒక్కసారి ఊగుతాయి. ఆ దెబ్బ ఒక్కదాన్నే విడిగా వినిపిస్తే ఎవరూ తల ఊపరు. అంతకుముందు నిమిషాల తరబడి పెరిగిన ఎదురుచూపే ఆ దెబ్బకు బలం.

1991లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ స్లొబోడా మరో అడుగు ముందుకు వేశారు. 83 మంది శ్రోతలను, ఏ పాటలో సరిగ్గా ఏ చోట మీకు కన్నీళ్లొచ్చాయి, ఏ చోట వెన్ను జలదరించింది అని అడిగారు. మొత్తం పాట పేరు చెప్తే సరిపోదు, చోటు చూపించాలి. చూపించగలిగారు. వాటిని పరిశీలిస్తే ఒక పోలిక కనిపించింది. కన్నీళ్లు వచ్చిన చోట్ల తరచుగా, రావలసిన స్వరం మీదికి నేరుగా రాకుండా దాని పక్క స్వరం మీద కాస్త ఆగి, అక్కణ్ణుంచి జారి అసలు స్వరం చేరే పోకడ ఉంది. వెన్ను జలదరించిన చోట్ల, వింటున్న స్వరాల కూర్పు అనుకోకుండా ఇంకో కూర్పులోకి మారిపోయింది. ఎవరి మనసు ఎలా ఉందో, ఎవరికి ఏ జ్ఞాపకం వచ్చిందో అన్న తేడాలతో పాటు, పాట కట్టుబడిలోనే ఒక కారణం ఉందన్నమాట.

2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వలోరీ సలింపూర్, రాబర్ట్ జటోరే బృందం మెదడులోకే చూసింది. సంగీతం వింటూ ఒళ్లు గగుర్పొడిచే అలవాటు ఉన్న కొద్దిమందిని ఎంచుకుని, వాళ్లకు ఇష్టమైన, మాటలు లేని సంగీతాన్నే వినిపించారు. మాటల అర్థం వల్ల వచ్చే ఉద్వేగం అడ్డురాకూడదని ఆ జాగ్రత్త. శిఖరం లాంటి ఆ క్షణంలో మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగంలో డోపమైన్ అనే రసాయనం విడుదలైంది. అంతకు కొన్ని సెకన్ల ముందే, ఆ చోటు వస్తోందని మనసు కనిపెట్టినప్పుడే, కాడేట్ అనే మరో భాగంలో కూడా డోపమైన్ విడుదలైంది. అందిన సుఖం ఒకటైతే, అందబోతోందన్న సుఖం ఇంకొకటి. తెలిసిన పాటను వందోసారి విన్నా ఆనందం తరగకపోవడానికి కారణం ఇందులో కనిపిస్తుంది. వచ్చేదేమిటో తెలిసినంత మాత్రాన ఎదురుచూపు చచ్చిపోదు.

ఇంతవరకూ చెప్పింది ఒక్క పాటలో పెట్టి చూద్దాం. అమెరికాలోని బోస్టన్‌కు చెందిన పిక్సీస్ బృందం 1988లో ‘సర్ఫర్ రోజా’ అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో ‘వేర్ ఈజ్ మై మైండ్’ అనే పాట ఉంది. అది బృంద సభ్యురాలు కిమ్ డీల్ మాటల్లేని కూనిరాగంతో మొదలవుతుంది. ఒక్క క్షణం వినిపించి తెగిపోతుంది. తర్వాత గిటార్, దాని వెనక డ్రమ్ములు, ఆపైన ఇంకో గిటార్, ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. కిమ్ డీల్ గొంతు మళ్లీ వచ్చేటప్పటికి మనం దానికోసం కాచుకుని ఉంటాం, ఆ సంగతి మనకే తెలియకుండా. ఆ గొంతు దూరంగా, ఖాళీ గదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. నిర్మాత స్టీవ్ ఆల్బినీ యంత్రాలతో పుట్టించే ప్రతిధ్వని వద్దనుకుని స్టూడియోలోని బాత్రూములో రికార్డు చేయించాడు. గోడలు ఇచ్చిన నిజమైన ప్రతిధ్వని అది.

పాట అడుగున నాలుగు కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, గుండ్రంగా తిరుగుతుంటాయి: ఇ, సి షార్ప్ మైనర్, జి షార్ప్, ఎ. గిటార్ నేర్చుకునే పిల్లలు కూడా గంటలో పట్టేయగలరు. ఇందులో గమ్మత్తంతా మూడోదాంట్లో ఉంది. ఆ స్థాయిలో మామూలుగా రావలసింది జి షార్ప్ మైనర్. దాని బదులు మేజర్ పడింది. అందువల్ల ఆ వరసలో లేని ఒక స్వరం లోపలికి వచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే, శంకరాభరణం స్వరాల మధ్య పంచమం ఉండవలసిన ఇంట్లో శుద్ధ ధైవతం తొంగిచూసింది. చెవి ఒక్కసారి తడబడుతుంది, వెంటనే నాలుగో కార్డు మీద సర్దుకుంటుంది. కార్డులు తిరిగిన ప్రతిసారీ ఆ తడబాటు, ఆ సర్దుబాటు. మతి ఎక్కడో వదిలేసిన మనిషి పాటకు ఇంతకంటే తగిన కట్టుబడి ఉంటుందా! సంగీతం చదువుకోనివాడికి ధైవతాల సంగతి తెలియనక్కర్లేదు. అక్కడ ఏదో ఉందని చెవికి తెలుస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి. కెనడాలోని మాంట్రియల్ బృందం ఆర్కేడ్ ఫైర్ 2004లో ‘ఫ్యునరల్’ అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో ‘వేక్ అప్’ పాటలో అందరూ కలిసి గొంతెత్తి పాడే ఘట్టానికి మాటలు లేవు. ఇంగ్లీషు రానివాళ్లు కూడా రెండోసారికే కలిసి పాడగలరు. ఆ సామూహిక గానం అంత ఎత్తుకు లేచాక పాట అక్కడితో అయిపోతుందనుకుంటాం. అప్పుడు తాళం ఉన్నట్టుండి మారిపోతుంది. గంభీరంగా నడిచిన పాట చిందులు తొక్కుతూ ముగుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఆ చివరి భాగం అతుకులా అనిపించడం సహజం. నా మాట నమ్మి ఇంకో రెండుసార్లు వినండి. అది లేకుండా పాటను ఊహించలేరు.

పొరపాటు కూడా చోటు అవుతుంది. మౌంటెన్ గోట్స్ పేరుతో పాడే జాన్ డార్నియెల్ 2002లో వచ్చిన ‘ఆల్ హెయిల్ వెస్ట్ టెక్సస్’ ఆల్బమ్‌ను ఇంట్లో ఒంటరిగా కూర్చుని, పానసోనిక్ కంపెనీ క్యాసెట్ రికార్డరు మీద పాడేశాడు. మన ఇళ్లలో ఉండేదే, టూ ఇన్ వన్. మోటారు తిరిగే గరగర ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. స్టూడియోలో అయితే ముందు ఆ శబ్దాన్నే తుడిచేసేవారు. ఇక్కడ అది మనిషి ఎంత దగ్గరగా కూర్చుని పాడుతున్నాడో చెప్తుంది. జస్టిన్ వెర్నన్ సంగతీ అంతే. 2006, 2007 మధ్య శీతకాలంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, అడవిలో తండ్రికి ఉన్న చెక్క ఇంట్లో ఒంటరిగా ఉండి, ఉన్న సామానుతోనే పాటలు రికార్డు చేసుకున్నాడు. తన గొంతునే పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాడు. బాన్ ఇవేర్ పేరుతో 2007లో తనే తెచ్చిన సీడీ 500 కాపీలు. మరుసటి ఏడాది జాగ్‌జాగువార్ అనే ఇండీ లేబుల్ తీసుకుని ప్రపంచానికి చేర్చింది.

ఈ కథలు విని, చవకగా రికార్డు చేస్తే చాలు పాటలో నిజాయతీ వచ్చేస్తుందనుకునే యువకులు ఉన్నారు. రాదు. గరగర వెనక పాట ఉండాలి. డార్నియెల్ రాసిన కథల్లాంటి చరణాలు, వెర్నన్ కూర్చిన స్వరాలు లేకపోతే ఆ శబ్దం వట్టి రొదే. శుభ్రంగా రికార్డు చేసిన ఇండీ ఆల్బములు గొప్పవి ఎన్నో ఉన్నాయి. ఎంత శుభ్రం కావాలన్నది పాట చేసినవాడు తేల్చుకోవడమే ఇక్కడ అసలు విషయం.

మరి, మొదటిసారి వినగానే ఇవన్నీ ఎందుకు పట్టుబడవు? సలింపూర్ బృందమే 2013లో ఇంకో ప్రయోగం చేసింది. 19 మందికి అంతకుముందు ఎన్నడూ వినని 60 పాటల ముక్కలు వినిపించి, ఒక్కోదానికి సొంత డబ్బు ఎంత పెడతారో అడిగింది. సున్నా నుంచి రెండు డాలర్ల దాకా పెట్టవచ్చు. ఎక్కువ పెట్టిన పాటల దగ్గర న్యూక్లియస్ అకంబెన్స్ చురుగ్గా ఉండటమే కాక, ధ్వనిని విశ్లేషించే మెదడు భాగాలతో దాని సంబంధం కూడా బలపడింది. ఆ భాగాల్లో మనం పుట్టినప్పటి నుంచీ విన్న సంగీతం తాలూకు అచ్చులు ఉంటాయని పరిశోధకుల వివరణ. కొత్త పాటను మనం పాత పాటలతోనే వింటాం. ఇళయరాజా, రెహమాన్, కీరవాణి పాటలతో చెవి తయారైనవాడికి గిటార్ హోరులో గొంతు మునిగిపోయే పాట మొదటిసారి గోడలా తగిలితే అందులో అతని తప్పేమీ లేదు, పాట తప్పూ లేదు. ఏం ఎదురుచూడాలో చెవికి ఇంకా తెలియదు, అంతే. ఎదురుచూపు లేనిచోట ఆశ్చర్యమూ ఉండదు.

దీనికి మందు మళ్లీ మళ్లీ వినడమే. పదే పదే ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాన్స్ 1968లోనే ప్రయోగాలతో చూపించారు. ఆ కిటుకు ఆకాశవాణివాళ్లకు బాగా తెలుసు. ‘ఈ మాసపు పాట’ అని ఒక లలితగీతాన్ని ఎంచుకుని నెలంతా వినిపించేవారు, నేర్పించేవారు. నెలాఖరుకు ఆ పాట వీధిలో సగం మందికి వచ్చేది. బీబీసీ రేడియో వన్‌లో 1967 నుంచి 2004లో చనిపోయేవరకు కొత్త బృందాలను వినిపించిన జాన్ పీల్ 1978లో ఒక రాత్రి ఇంకా తెగించాడు. ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్నం కుర్రాళ్ల బృందం అండర్‌టోన్స్ పాడిన ‘టీనేజ్ కిక్స్’, బెల్‌ఫాస్ట్‌లోని గుడ్ వైబ్రేషన్స్ అనే చిన్న లేబుల్ మీద వచ్చిన పాట, ఆయనకు ఎంతగా నచ్చిందంటే అయిపోగానే వెంటనే మళ్లీ వేశాడు. ఆ తర్వాత అండర్‌టోన్స్ పెద్ద కంపెనీ రికార్డుల దాకా వెళ్లారు. పీల్ సమాధి రాతి మీద ఆ పాటలోని ఒక పాదమే చెక్కారు.

ఇప్పుడు జాన్ పీల్ స్థానంలో యాప్ ఉంది. దాని పనితీరు తెలుసుకుంటే దాన్ని ఎక్కడ వాడుకోవాలో, ఎక్కడ వదిలేయాలో తెలుస్తుంది. స్పాటిఫై 2015 జులైలో డిస్కవర్ వీక్లీ మొదలుపెట్టింది. ప్రతి సోమవారం మనకంటూ 30 పాటల జాబితా ఇస్తుంది. అందులో ప్రధానమైన సూత్రం చాలా తేలిక. మీరూ నేనూ వినే పాటల్లో చాలావరకు ఒకటేననుకోండి. మీరు విని నేను వినని పాట ఏదైనా ఉంటే అది నాకూ నచ్చవచ్చు. కోట్లమంది ప్లేలిస్టుల మీద ఈ లెక్క నడుస్తుంది. ఇక్కడే చిక్కు ఉంది. నిన్న రాత్రి ఎక్కించిన పాటను ఇంకా ఎవరూ వినలేదు, కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు. పాట ధ్వనిని నేరుగా పరిశీలించే పద్ధతులు కొంతవరకు ఆ లోటు పూడుస్తాయి. కానీ 2023లో స్ట్రీమింగ్ వేదికల మీదికి రోజుకు సగటున లక్షకు పైగా కొత్త ట్రాకులు వచ్చిపడ్డాయి. ఏడాదిలో వెయ్యిసార్లయినా వినిపించని పాటకు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ లెక్క కట్టడం లేదు.

ఇంకొక లెక్క పాట రూపాన్నే మార్చింది. 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీము కింద లెక్క. శ్రోత అంతలోపే తర్వాతి పాటకు వెళ్లిపోతే పైసా రాదు. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో యూబెర్ లెవెయే గోవాన్ అనే పరిశోధకుడు 1986 నుంచి 2015 దాకా టాప్ టెన్‌లోకి వెళ్లిన పాటలను కొలిచి చూశాడు. గొంతు రాకముందు వాయిద్యాలు నడిచే భాగం మొదట్లో సగటున 20 సెకన్లకు పైగా ఉండేది, చివరికి 5 సెకన్లకు దిగింది. ఇది స్పాటిఫైతోనే మొదలైందని చెప్పలేం, ధోరణి అంతకుముందు నుంచే ఉంది. నాకు బాధ కలిగించే సంగతి వేరే. ఎదురుచూపే పాటకు ప్రాణమైనప్పుడు, మనం కోసేస్తున్నది ఎదురుచూపునే.

జనం మెచ్చినదాన్ని నమ్ముకుందామా? దీనికి జవాబు చెప్పే ప్రయోగం ఒకటి ఉంది. మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో దాని ఫలితాలు ప్రచురించారు. పేరు తెలియని బృందాల పాటలు 48 తీసుకున్నారు. 14,341 మంది ఇంటర్నెట్‌లో వాటిని విని, నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకున్నారు. కొందరికి పాట పేరు, బృందం పేరు మాత్రమే కనిపించాయి. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది తీసుకున్నారో చూపించారు. ఒక్కో గుంపు ఒక్కో లోకం. పాటలు అవే, మనుషుల తీరూ ఒకటే, అయినా ఎనిమిది లోకాల్లో ఎనిమిది రకాల హిట్లు తయారయ్యాయి. 52 మెట్రో అనే బృందం పాట ‘లాక్‌డౌన్’, ఎవరి ప్రభావమూ లేకుండా విన్నవాళ్ల దగ్గర 26వ స్థానంలో ఉంది. ఒక లోకంలో అదే మొదటి స్థానానికి వెళ్లింది, ఇంకో లోకంలో 40వ స్థానానికి పడింది. మరీ మంచి పాటలు అట్టడుగుకు పోవడం అరుదు, మరీ నాసిరకం పైకి రావడమూ అరుదు. మధ్యనున్న వాటి తలరాత మాత్రం మొదట్లో ఎవరు ఏది తీసుకున్నారన్నదే రాసింది.

మన దగ్గరా ఇదే చూశాం. మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ 2021లో ప్రైవేట్ పాటగా యూట్యూబ్‌లో వచ్చింది. కొన్ని నెలల తర్వాత ఒక పెళ్లి బరాత్‌లో పెళ్లికూతురు ఆ పాటకు ఆడిన వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది. ఆ తర్వాత పెళ్లి అంటే ఆ పాట ఉండాల్సిందే అన్నట్టయింది. పాటలో బలం ఉంది, నేను కాదనను. అంతే బలమున్న జానపద గీతాలు ఇంకెన్ని ఆ వీడియో లాంటి తోడు దొరక్క ఆగిపోయాయో అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. వ్యూస్ అంకె చూసి పాట ఎంచుకున్న ప్రతిసారీ మనం ఒక లోకం తీర్పును మాత్రమే తీసుకుంటున్నాం.

అందుకని కొత్తగా వెతకాలనుకునేవాళ్లకు నేను చెప్పే దారి పాట వెనక ఉన్న పేర్లు చదవడం. నచ్చిన పాట ఒక్కటి చాలు. పిక్సీస్ నచ్చారా, నిర్మాత ఆల్బినీ పేరు పట్టుకుంటే 1993లో వచ్చిన పీజే హార్వీ ‘రిడ్ ఆఫ్ మీ’కీ, నిర్వాణ ‘ఇన్ యుటెరో’కీ చేరతారు. ఆర్కేడ్ ఫైర్ నచ్చారా, వాళ్ల ‘ఫ్యునరల్’ను తెచ్చిన లేబుల్ మెర్జ్. మ్యాక్ మెకాన్, లారా బలాన్స్ అనే ఇద్దరు సంగీతకారులు 1989లో నార్త్ కరోలినాలో మొదలుపెట్టారు. డార్నియెల్ క్యాసెట్ ఆల్బమ్‌ను 2013లో మళ్లీ తెచ్చింది వాళ్లే. చిన్న లేబుల్ అంటే ఒకరిద్దరి అభిరుచి. ఆ అభిరుచితో మనకు ఒకసారి కుదిరితే వాళ్లు తెచ్చిన మిగతావీ వినదగ్గవే అవుతాయి.

2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్ కూడా ఇందుకు బాగా పనికొస్తుంది. ఆల్బమ్ కొన్నవాళ్ల బొమ్మలు కింద వరసగా ఉంటాయి. ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి ఇంకేం కొన్నాడో కనిపిస్తుంది. లెక్కలు కట్టిన జాబితా కంటే, డబ్బు పెట్టి కొన్న ఒక మనిషి అల్మరా నాకు ఎక్కువ చెప్తుంది. డిజిటల్ అమ్మకాల్లో వెబ్‌సైట్ వాటా 15 శాతం. బాగా అమ్ముడయ్యేవాళ్లకు అది 10కి తగ్గుతుంది. కార్డు ఛార్జీలు పోను మిగతాదంతా పాట చేసినవాళ్లదే.

తెలుగులో మొదలుపెట్టాలంటే హైదరాబాద్ బృందం చౌరస్తా దగ్గరకు వెళ్లవచ్చు. జానపద వరసల కింద జమైకా దేశపు రెగే తాళం పెడతారు. రెగేలో గిటార్ దెబ్బ మన కాలు నేలకు తగిలే చోట పడదు, కాలు గాలిలో ఉన్నప్పుడు పడుతుంది. డప్పు దరువుకు అలవాటైన ఒంటికి అది మొదట వింతగా ఉండి, తర్వాత వదలదు. కరోనా మొదటి రోజుల్లో 2020 మార్చిలో వాళ్లు చేసిన ‘చేతులెత్తి మొక్కుతా’ ఇంటింటికీ చేరింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాట పాడాక సినిమాల్లో బిజీ అయ్యారు. తెలుగులో ప్రైవేట్ పాట చేసేవాళ్లకు సినిమా ఎప్పుడూ పక్కవీధిలోనే ఉంటుంది. కూడుపెట్టేది అదే కాబట్టి అటు వెళ్లినవాళ్లను తప్పుపట్టలేం. సినిమాకు వెళ్లకముందు వాళ్లు తమకోసం చేసుకున్న పాటలను వెతికి వినడం మాత్రం మన చేతిలో ఉంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్ల ఎదురుగా కూర్చుని వినే వీలూ ఉంది.

కొత్త ఆల్బమ్ చేతికొచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఒకసారి, వంట చేస్తూనో నడుస్తూనో ఇంకోసారి, రెండు రోజులు ఆగి మూడోసారి వినమంటాను. మొదటిసారి ఏమీ పట్టకపోతే కంగారు పడవద్దు. మూడోసారికీ ఏ చోటూ పట్టుకోకపోతే నిస్సంకోచంగా వదిలేయండి, పాటలకు కొదవ లేదు.

పట్టుకుంటే ఎవరికైనా పంపాలనిపిస్తుంది. రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర విను అని మాత్రం రాయకండి. రీల్స్ చేస్తున్న పని అదే, చోటును కత్తిరించి చేతిలో పెడుతున్నాయి. అవతలివాళ్లు నేరుగా అక్కడికి వెళ్తే వాళ్లకు దొరికేది మామూలు శబ్దమే. పాట మొత్తం పంపి, ఏమీ చెప్పకుండా ఊరుకోండి. వాళ్లు తిరిగి ఫోన్ చేసి చెప్పే చోటు మీది కాకపోవచ్చు. అప్పుడు మీరు మళ్లీ మొదటి నుంచి వినాలి.